ఓడినవారికే పదోన్నతి

మా దాణా ఫ్యాక్టరీలో పదోన్నతి రావాలంటే ముందు ఎక్కడో ఒకచోట ఘోరంగా ఓడిపోయి ఉండాలి. వెటకారానికి అంటున్న మాట కాదు. సర్క్యులర్ నంబరు పదకొండు, మూడో పేరా. టైపు చేసింది నేనే.

నా పేరు మరియదాసు. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదలు. ఎంబీయే కూడా నేనే మొదలు. ఫ్యాక్టరీ పాడిరైతుల సహకార సంఘానిది, నరసరావుపేట రోడ్డులో ఉంది. వేరుశనగ చెక్క, తవుడు, మొక్కజొన్న కలిపి గేదెలకు దాణా చేస్తాం. నేను సిబ్బంది విభాగంలో అసిస్టెంటుని. ఉద్యోగంలో చేరిన రోజు మా నాన్న ఒక్కటే చెప్పాడు. "పై ఆఫీసరు చెప్పింది చెయ్యి, ఎదురు మాట్లాడమాక." నేను అదే చేశాను. అందుకే జరిగిందంతా వరసగా చెప్పగలను. ప్రతి కాగితం నా చేతి మీదుగానే వెళ్ళింది.

మొదలైంది గుంటూరులో. ఒక ఏసీ హాల్లో "వ్యాపార నిపుణులకు మార్కెటింగ్, కెరీర్ మెలకువలు" అని ఒకరోజు తరగతి పెట్టారు. మా మేనేజింగ్ డైరెక్టర్ పుండరీకాక్షం గారు వెళ్తూ, నోట్సు రాయడానికి నన్ను తీసుకెళ్ళారు. చెప్పేవాడి పేరు శ్రీహాస్. ముప్పై ఏళ్ళుంటాయి. మైకు చెంపకి అంటించుకున్నాడు. ఒకచోట నిలబడడు.

"ఫ్రెండ్స్, మార్కెట్లో అందరూ సక్సెస్ అమ్ముతున్నారు. సప్లై ఎక్కువైపోయింది, కొనేవాడు లేడు. డిమాండ్ దేనికుంది? ఫెయిల్యూర్‌కి! నేను మూడు కంపెనీలు ముంచాను. అందుకే స్టేజీ మీదున్నాను. మీరు ఒక్కటీ ముంచలేదు. అందుకే కింద కూర్చున్నారు."

హాలు దద్దరిల్లింది. ముంచిన కంపెనీల్లో పనిచేసినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారని ఎవరూ అడగలేదు. నేను అడగబోయి, నోట్సు రాసుకోవడమే నా పని అని గుర్తొచ్చి ఊరుకున్నాను. పుండరీకాక్షం గారు కళ్ళు తుడుచుకుంటున్నారు.

తిరిగి వస్తుంటే కార్లో అడిగారు.

"దాసూ, మన సంస్థలో ఓడిపోయినవాళ్ళు ఎంతమంది?"

"లెక్క తియ్యలేదు సార్."

"చూశావా! మన వెనకబాటుతనానికి మూలం అక్కడుంది."

మర్నాడు సర్క్యులర్ వెలువడింది. "సంస్థ యొక్క సమగ్ర పురోభివృద్ధి దృష్ట్యా, ప్రతి ఉద్యోగియు తన వృత్తి జీవితమందు సంభవించిన కనీసము ఒక ప్రధాన వైఫల్యమును నిర్ణీత నమూనాలో సమర్పించవలెను. వైఫల్యము లేనివారు ఎదుగుదల లేనివారుగా పరిగణింపబడుదురు." దాని వెనకాలే వైఫల్య పత్రం వచ్చింది. అందులో నాలుగు గడులు. ఏం జరిగింది, నష్టం ఎంత, ఎవరు బాధపడ్డారు, ఏం నేర్చుకున్నారు. పత్రాలు చూసి మార్కులు వెయ్యడానికి పుండరీకాక్షం గారే పెద్దగా ఒక కమిటీ వేశారు. నష్టం గడికి సగం మార్కులు.

ఆ వారం మా గది ముందు రేషన్ షాపు ముందున్నంత వరస. ఫ్యాక్టరీలో మెమో పడితే దాన్ని ఫైల్లోంచి తీయించుకోవడానికి జనం నానా తంటాలు పడేవాళ్ళు. కాళ్ళావేళ్ళా పడి తీయించుకున్నవాళ్ళే ఇప్పుడు మళ్ళీ పెట్టమని వచ్చారు.

"మరియదాసూ, పద్నాలుగులో నాకొక మెమో ఇచ్చారు. బాయిలర్ వాల్వు తిప్పడం మర్చిపోయానని. వెతుకు నాయనా."

"మీరే కదండీ చింపించేశారు."

"చింపించానురా, కాదన్నానా? ముక్కలేమన్నా ఉన్నాయేమో చూడు. అతికిస్తా."

ఇంకొకాయన పాత తేదీ వేసి కొత్త మెమో ఇమ్మన్నాడు. అక్కౌంటెంటు గారు బస్సులో గొడుగు మర్చిపోయిన సంగతి రాసి తెస్తే, కమిటీ "వ్యక్తిగత స్థాయి నష్టము, సంస్థాగత ప్రభావము శూన్యము" అని కొట్టేసింది. పాపం, ఆయన బయటికొచ్చి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళు ఒక్క అంకె తప్పు వెయ్యకుండా పనిచేసినందుకు సిగ్గుపడుతున్నాడు.

అందరిలోకీ వెలిగిపోయింది స్టోర్సు భుజంగరావు గారు. పదకొండేళ్ళ కిందట పట్టా కప్పకుండా సినిమాకి పోయి, మూడొందల బస్తాల చెక్క వానలో తడిపేశాడు. ఆ రోజుల్లో సస్పెండ్ చేశారు. ఆ సస్పెన్షన్ ఆర్డరు ఇప్పుడు ఫ్రేము కట్టించి బల్ల మీద పెట్టుకున్నాడు. కమిటీ ముందు ఆ వాన ఎలా కురిసిందో చెబుతుంటే పుండరీకాక్షం గారు మంచినీళ్ళు అడిగి తాగారు. ఆ నెల్లోనే భుజంగరావు గారిని "అభ్యాస విభాగాధిపతి"ని చేశారు. ఆ విభాగం ఏం చేస్తుందో ఎవరికీ తెలీదు. ఆయనకి మాత్రం కూలర్ వచ్చింది.

అప్పుడు ల్యాబ్ ఇన్‌ఛార్జి పోస్టు భర్తీకి వచ్చింది.

ఆ పోస్టు తొమ్మిదేళ్ళుగా ఖాళీ. పని మాత్రం సామ్రాజ్యం గారు చేస్తున్నారు. ల్యాబ్ టెక్నీషియన్, ఇరవై నాలుగేళ్ళ సర్వీసు. లారీ రాగానే బస్తా మూతి విప్పి, మోచేయి దాకా చెయ్యి లోపలికి పెడతారు. మధ్యలో వేడి తగిలిందంటే లోపల బూజు పనిచేస్తోందని అర్థం. తర్వాత పిడికెడు తీసి వాసన చూస్తారు. ఆ తర్వాతే గాజు గొట్టాలు, మందులు, రిజిస్టరు. బూజు చెక్క తింటే సూడిగేదెలకు కడుపు నిలవదు. ఆమె ఉన్న ఇరవై నాలుగేళ్ళలో ఒక్క చెడ్డ లారీ కూడా లోపలికి రాలేదు. పోస్టు ఇంకొకరికి పోతే ల్యాబ్ తాళాలు వాళ్ళ చేతికి పోతాయి. ఆమెను ఎక్కడ వేస్తారో దేవుడికే తెలియాలి.

ఆమె వైఫల్య పత్రం నా దగ్గరికొచ్చింది. నాలుగు గడుల్లోనూ "లేదు" అని రాసుంది.

నేను పత్రం పట్టుకుని ల్యాబ్‌కి వెళ్ళాను.

"మేడం, ఇలా ఇస్తే కమిటీ తిప్పి పంపుద్ది. ఏదో ఒకటి రాయండి."

"ఏం రాయమంటావు అబ్బాయ్? లేంది ఎట్టా రాసేది?"

"గొట్టం పగలగొట్టడం లాంటివి..."

"నా చేతిలో గొట్టం పగల్లేదు. పగిలితే రిజిస్టర్లో ఉంటది, చూసుకో."

"ఒక్క చెడ్డ లారీ అన్నా పొరపాటున వదిలుంటారు కదా మేడం?"

ఆమె కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "వదిలుంటే నీ ఎదురుగుండా ఇట్టా కూర్చునేదాన్నా? పాడిరైతు మొహం చూడగలిగేదాన్నా?"

పత్రం అలాగే పెట్టాను. కమిటీ ఆమెను పిలిచింది. శ్రీహాస్ సలహాదారు హోదాలో హైదరాబాదు నుంచి గోడ మీద తెరలో కనపడ్డాడు.

పుండరీకాక్షం గారు గొంతు సవరించుకున్నారు. "సామ్రాజ్యం గారూ, ఇరవై నాలుగు సంవత్సరముల సుదీర్ఘ కాలంలో ఒక్క వైఫల్యమునకు కూడా మీరు చొరవ చూపకపోవడం సంస్థను కలవరపరుస్తున్నది."

"సార్, తిప్పి పంపిన లారీలు నూట తొంభై రెండున్నాయి. వ్యాపారులు తిట్టిపోశారు. అది రాస్తే సరిపోద్దా?"

తెరలోంచి శ్రీహాస్ తల అడ్డంగా ఊపాడు. "మేడం, అవన్నీ సక్సెస్‌లు. మీరు కంఫర్ట్ జోన్‌లో ఉండిపోయారు."

"ఏ జోనండీ?"

"తేలిగ్గా ఉండేచోట."

"చెక్క బస్తాలో మోచేయి దాకా చెయ్యి పెట్టి చూడు బాబూ, ఎంత తేలిగ్గా ఉంటదో."

నష్టాల లెక్క చూడ్డానికి కూర్చోబెట్టిన అక్కౌంటెంటు గారు నవ్వబోయి దగ్గాడు. కొత్త హోదాలో కమిటీ సభ్యుడైన భుజంగరావు గారు ముందుకి వంగాడు. "చెల్లెమ్మా, మొదట్లో నాకూ భయమే వేసింది. ఒక్కసారి వదిలెయ్. తర్వాత అదే అలవాటయిపోద్ది."

చివరికి ఆమెకొక అవకాశం ఇవ్వాలని తీర్మానించారు. దానికి "పర్యవేక్షిత వైఫల్యము" అని పేరు పెట్టారు. చెడిపోయిన చెక్కని ఒక లారీ తెప్పిస్తారు. అందరి సమక్షంలో ఆమె దాన్ని పొరపాటున ఆమోదిస్తారు. పొరపాటు జరగాల్సిన సమయం ఉదయం పదకొండు గంటలు. తీర్మానం రాసింది నేనే. "పొరపాటున" అన్న మాట కింద గీత కూడా గీశాను, అలా గీయమన్నారు కాబట్టి.

చెడ్డ చెక్క కోసం వాకబు చేస్తే వ్యాపారులు ముందు నమ్మలేదు. "మమ్మల్ని పట్టుకోడానికి కాదు గదా?" అని మూడుసార్లు ఫోన్ చేశారు. తర్వాత పోటీపడ్డారు.

ఆ రోజు గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. "శ్రీమతి సామ్రాజ్యం గారి తొలి వైఫల్యమునకు హార్దిక శుభాకాంక్షలు." టెంటు వేశారు. ఫోటోగ్రాఫరు వచ్చాడు. లారీ పట్టా తీయగానే టెంటులో ముందు వరసవాళ్ళు లేచి వెనక వరసకి పోయారు. అంత వాసన.

సామ్రాజ్యం గారు వచ్చారు. చీర కొంగు దోపుకున్నారు. బస్తా మూతి విప్పి మోచేయి దాకా చెయ్యి పెట్టారు. మైకులో భుజంగరావు గారు "ఇదిగో, ఆ ఘడియ సమీపిస్తోంది" అంటున్నాడు. ఆమె చెయ్యి బయటికి తీసి, కడుక్కుని, రిజిస్టరు తెరిచి రాశారు. నేను పక్కనే ఉన్నాను. "తిరస్కరణ" అని రాశారు. టైము వేసి సంతకం పెట్టారు.

"మేడం!" అన్నారు పుండరీకాక్షం గారు. "ఫోటోగ్రాఫరు ఎదురు చూస్తున్నాడు."

"తీసుకోమనండి సార్. లారీ వెనక్కి పోతుంటే బాగా పడుద్ది."

"ఇది మీ ఎదుగుదలకు సంబంధించిన విషయం!"

"కావచ్చు సార్. ఇది తింటే సూడిగేదెలు ఈసుకుపోతాయి. నా ఎదుగుదల కోసం వాటి కడుపులు పోగొట్టేదానికి నాకు చెయ్యి రాలేదు."

టెంటు వాళ్ళు కుర్చీలు సర్దడం మొదలుపెట్టారు.

కమిటీ నివేదిక ఇలా వచ్చింది. "అభ్యర్థినికి విఫలమగు సామర్థ్యము లేదు. తగు వనరులు, వేదిక, ప్రోత్సాహము కల్పించినప్పటికీ విఫలము కాలేకపోయినది." ఆమె తరఫున నేను ఒక్క మాటే అడిగాను. విఫలం కాలేకపోవడం కూడా వైఫల్యమే కదా, దానికన్నా మార్కులు వెయ్యొచ్చు కదా అని. పుండరీకాక్షం గారు నా వైపు జాలిగా చూశారు. "దాసూ, అందులో నష్టం ఏదీ?"

ల్యాబ్ భుజంగరావు గారికి ఇచ్చారు. సామ్రాజ్యం గారిని గేటు దగ్గర టోకెన్ క్లర్కుగా వేశారు. వచ్చిన లారీకి నంబరు చీటీ ఇవ్వాలి, చీటీ ఉంటేనే లారీ కాటా మీదికి పోతుంది. బదిలీ ఆర్డరు టైపు చేసి, నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె చదువుకుని, కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుని, తాళాలు నా చేతిలో పెట్టారు.

తర్వాత మూడు నెలలు ల్యాబ్‌లో అద్భుతం జరిగింది. భుజంగరావు గారు ఒక్క పరీక్షా చెయ్యలేదు. అయినా వచ్చిన ప్రతి లారీ మేలైన సరుకే. మూడు నెలల సమీక్షలో ఆయన వైఫల్య నివేదిక "శూన్యము" అని వచ్చింది.

"భుజంగరావు గారూ," అన్నారు పుండరీకాక్షం గారు, "మీ మీద ఎంతో నమ్మకం పెట్టుకున్నాం. మూడొందల బస్తాలు తడిపిన మనిషేనా మీరు?"

ఆయన చెమటలు తుడుచుకుంటూ గేటు దగ్గరికి పరుగెత్తాడు. నేను వెనకే వెళ్ళాను. సామ్రాజ్యం గారు ఎండలో నిచ్చెన మీద నిలబడి, లారీలో బస్తాలో చెయ్యి పెట్టి ఉన్నారు.

"అమ్మా! నువ్వు చేసే పనేంది? టోకెన్ ఇవ్వమంటే బస్తాలు కెలుకుతావా?"

"ఆర్డర్లో రాశారుగా అన్నయ్యా. 'లారీ పరిస్థితి పరిశీలించి టోకెన్ ఇవ్వవలెను' అని. పరిశీలిస్తున్నా."

"టైర్లు చూడమని తల్లీ దాని అర్థం!"

"టైర్లు కూడా చూస్తున్నా. ఇదిగో, దీనికి టైర్లు బాగున్నయ్, చెక్క బాలేదు. వెనక్కి తిప్పు బాబూ!" అని డ్రైవరుకి కేకేశారు.

"ఒక్కటంటే ఒక్క లారీ వదులు చెల్లెమ్మా. నా ఉద్యోగం పొయ్యేట్టుంది. నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళెందుకన్నయ్యా, ఈ బస్తా పట్టుకో, దించుతా."

ఆ ఆర్డరు టైపు చేసింది కూడా నేనే. "లారీ పరిస్థితి" అన్న ముక్క పాత నమూనాలోది, అలాగే వదిలేశాను. కావాలని వదిలానని తర్వాత ఎవరెవరో అన్నారు. అంత తెలివి నాకప్పటికి లేదు.

యాజమాన్యం ఆమెను ఏమీ అనలేకపోయింది. ఆర్డరు ప్రకారమే నడుస్తున్న మనిషి మీద చర్య తీసుకోవడానికి నిబంధన లేదు. అందుకని ఫ్యాక్టరీకి వెనకవైపు గోడ పగలగొట్టి రెండో గేటు పెట్టారు. దానికి "అభ్యాస ద్వారము" అని బోర్డు రాయించారు. ఆ గేటుకి టోకెన్లు లేవు, చూసేవాళ్ళు లేరు. సామ్రాజ్యం గారు తిప్పి పంపిన లారీ ప్రహరీ చుట్టూ తిరిగి ఆ గేట్లోంచి లోపలికి వచ్చేది. ఆమె అర్జీ మీద అర్జీ పెట్టారు. అర్జీలన్నీ నా దగ్గరికే వచ్చాయి, నేను వాటిని పై అధికారికి పంపాను. నా పని అంతవరకే అనుకున్నాను.

భుజంగరావు గారు మళ్ళీ మామూలు మనిషయ్యాడు.

రెండు నెలలు తిరిగేసరికి పదకొండు ఊళ్ళలో సూడిగేదెలు ఈసుకుపోయాయి. మా ఊళ్ళో మూడు. అందులో ఒకటి మా అమ్మది. మా అమ్మ, "మీ ఫ్యాక్టరీ దాణానే కదరా, మంచిదని పెట్టా" అంది, అంతే. ఓడిపోయింది మేము. నేర్చుకున్నది మేము. నొప్పులు పడ్డది గేదెలు.

రైతులు దాణా బస్తాలు ట్రాక్టర్ల మీద తెచ్చి ఆఫీసు ముందు గుమ్మరించారు. ఒక ముసలామె కొంగు నడుముకి చుట్టుకుని పుండరీకాక్షం గారి కారుకి అడ్డం నిలబడింది. "ఏమయ్యా, నువ్వు పాఠాలు నేర్చుకోడానికి నా గొడ్డే దొరికిందా? నీ ఇంట్లో ఏం లేవా?" ఆయన కారు అద్దం కొంచెం దించి, "అమ్మా, మీ వేదన మాకు అమూల్యమైన స్పందన" అన్నారు. అద్దం మళ్ళీ ఎక్కింది. తర్వాత ఆ గుట్ట పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు. అంత నష్టం మా జిల్లాలో ఎవరూ చూపించలేదు. ఆ ఫోటో జతచేసిన వైఫల్య పత్రానికి పూర్తి మార్కులు పడ్డాయి. ఆయనకి రాష్ట్రస్థాయి సంస్థలో పదవి వచ్చింది. వీడ్కోలు సభలో శ్రీహాస్ ఆయన్ని "మన కాలపు మహా పరాజితుడు" అన్నాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేను లేను. ఉద్యోగంలో చేరాక, కొట్టమన్నప్పుడు కొట్టకపోవడం అదే మొదలు.

కొత్త మేనేజింగ్ డైరెక్టర్ గారు వచ్చారు. పద్ధతి బాగుంది, కొనసాగించమన్నారు. ల్యాబ్ ఇన్‌ఛార్జి పోస్టు మళ్ళీ ఖాళీ అయింది, ఎందుకంటే అంత నష్టంలో తనకీ వాటా ఉందని భుజంగరావు గారు పాత సారు వెంట పై పదవికి పోయాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే నేను ఒక ఖాళీ పత్రం తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళాను.

"మేడం, ల్యాబ్ మీ చేతికి రావాలి. రాకపోతే ఇంకో పదకొండు ఊళ్ళు పోతాయి. అబద్ధం రాయమని అడగను. నిజంగా ఒక్కటన్నా లేదా?"

ఆమె టోకెన్ల పుస్తకం పేజీలు వెనక్కి తిప్పారు.

"ఉంది. రాసుకో. ఈ నెల నాలుగో తారీకు, పొద్దున పదింటికి, తెల్ల కారు. లోపల కొత్త సారు. టోకెన్ అడగలా. పరిశీలించలా. సెల్యూట్ కొట్టి లోపలికి వదిలేశా."

నేను అక్షరం మార్చకుండా రాశాను. నేర్చుకున్నదేమిటి అన్న గడిలో "దేన్నీ చూడకుండా వదలరాదు" అని చెప్పారు. నష్టం ఎంత అన్న గడిలో ఆమె అనుమతితో "ఇంకా తేలవలసి ఉన్నది" అని నేనే రాశాను.

ఒకరి నష్టంలో ఇంకొకరు వాటా అడగడం ఎక్కువైందని అప్పటికి సర్క్యులర్ నంబరు పద్నాలుగు వచ్చింది. దాని ప్రకారం ఏ వైఫల్యాన్నైనా కొట్టేయాలంటే, అందులో పేర్కొన్న వ్యక్తి "నా మూలముగా సంస్థకు నష్టము కలుగలేదు, కలుగబోదు" అని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. అలా హామీ ఇచ్చినవాడికి ఇక పదోన్నతికి పనికొచ్చే వైఫల్యం ఏదీ మిగలదు. ఆ హామీ కాగితం కూడా టైపు చేసి, సామ్రాజ్యం గారి ఫైలుకి జతచేసి, కొత్త సారు బల్ల మీద పెట్టాను. ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిలుతో చుక్క కూడా పెట్టాను.

ఆయన చదివారు. నా వైపు చూశారు. ఫైలు పెట్టి వెళ్ళమన్నారు.

మూడు రోజులు రెండు కాగితాలూ ఆయన బల్ల మీదే ఉన్నాయి. మధ్యలో రెండుసార్లు హామీ కాగితం మీద పెన్ను పెట్టి తీశారని ప్యూను చెప్పాడు. నాలుగో రోజు ఫైలు కిందికి వచ్చింది. సామ్రాజ్యం గారి పదోన్నతి మీద సంతకం ఉంది. హామీ మీద లేదు.